మీ కంట్రోల్ ప్లేన్‌లో ఏ ఏపీఐలు ఉన్నాయి, ఏవి లేవు: సర్వర్‌నే అడిగి, పరీక్షించి, రాసిపెట్టుకునే పద్ధతి

మాది శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక మేడ మీద గది, నలుగురం పనిచేస్తాం. పలాస వైపు జీడి యూనిట్లకి సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ మా పని. పిక్కలు ఎన్ని బస్తాలు వచ్చాయి, కాల్చి ఒలిచాక గుండు ఎంత, బద్ద ఎంత, అందులో డబ్ల్యూ 180 ఎంత, డబ్ల్యూ 320 ఎంత, ఇదంతా ఒక కంట్రోల్ ప్లేన్ (మనం రాసిచ్చిన కోరికల్ని తీసుకుని దాచే సర్వర్ భాగం, వివరం కింద ఉంది) మీద నడుస్తుంది. ఆ మధ్య విజయనగరం నుంచి ఒక తమ్ముడు కొత్తగా చేరాడు. మంచి పనిమంతుడు, క్యూబర్నెటీస్ (కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రాముల్ని చాలా మెషీన్ల మీద నడిపించే సాఫ్ట్‌వేర్) బాగా తెలుసు. మొదటి రోజే డిప్లాయ్‌మెంట్ యామిల్ ఒకటి, అంటే ఫలానా ప్రోగ్రాము ఇన్ని కాపీలు నడపమని అడిగే ఫైల్, రాసి మా సర్వర్ మీద అప్లై చేశాడు. పడలేదు. తన పర్మిషన్ తప్పేమో అనుకున్నాడు, కాన్ఫిగ్ ఫైల్ మార్చాడు, అడ్మిన్ యాక్సెస్ అడిగాడు, ఇచ్చాం, అయినా పడలేదు. సాయంత్రానికి నా దగ్గరకొచ్చి "ఏటన్నా ఇది, డిప్లాయ్‌మెంట్ అంటే ఏటో తనకి తెల్దంటోంది సర్వర్" అన్నాడు.

సర్వర్ నిజమే చెప్పింది. తప్పు మేం రాసుకున్న రీడ్‌మీలో ఉంది. "క్యూబర్నెటీస్ ఏపీఐలకి సపోర్ట్ ఉంది" అని ఒకే ఒక్క లైన్ రాసి వదిలేశాం. ఏ ఏపీఐలు, ఏ వెర్షన్‌లో, వెనక పనిచేసేవాళ్ళు ఉన్నారా లేదా, ఏవి అసలు లేవు, ఒక్కటీ రాయలేదు. ఆ లైన్ వల్ల ఒక మనిషి రోజంతా పోయింది, పైగా తనకే పని రాదేమో అన్న టెన్షన్ ఒకటి. ఆ వారమే కూర్చుని ఆ లైన్ తీసేసి సరిగ్గా రాశాం, అప్పుడు మేం పాటించిన పద్ధతే ఇది. మేం వాడేది కేసీపీ, క్యూబర్నెటీస్ పద్ధతిలో నడిచే ఒక ఓపెన్ సోర్స్ కంట్రోల్ ప్లేన్, కాబట్టి ఉదాహరణలు దానివే. కానీ క్యూబర్నెటీస్ ఏపీఐ సర్వర్‌ని పునాదిగా పెట్టుకున్న ఏ కంట్రోల్ ప్లేన్‌కైనా ఇదే వరస నడుస్తుంది.

ఒక మాట ముందే: కమాండ్లన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదలుపెట్టే ముందు: కంట్రోల్ ప్లేన్ అంటే ఎంతవరకు

క్యూబర్నెటీస్‌ని రెండు భాగాలుగా చూడండి. ఒక భాగం: మనం రాసిచ్చిన కోరికను తీసుకుని, సరిచూసి, ఎట్‌సీడీ అనే డేటాబేస్‌లో దాచి, అది మారినప్పుడల్లా కావలసినవాళ్ళకి కబురు పంపే ఏపీఐ సర్వర్, దాని చుట్టూ ఉండే కొన్ని కంట్రోలర్లు (రాసిచ్చినదాన్ని చూస్తూ ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాములు). రెండో భాగం: నోడ్లు అనే మెషీన్లు, వాటి మీద నడిచే కంటైనర్లు, నెట్‌వర్క్, డిస్కులు. 2014లో క్యూబర్నెటీస్‌ని బయటపెట్టినప్పుడు అందరి చూపూ రెండో భాగం మీదే ఉంది. తర్వాత సీఆర్‌డీలు (కొత్త రకం రిసోర్స్‌ని సర్వర్‌కి నేర్పే ఏర్పాటు) వచ్చాక చాలామందికి తెలిసొచ్చిందేమిటంటే, మొదటి భాగం ఒంటరిగా కూడా ఎంతో పనికొస్తుంది, కంటైనర్లతో సంబంధం లేని దేన్నైనా, ఒక డేటాబేస్‌నైనా ఒక జీడిపప్పు లాట్‌నైనా, అదే పద్ధతిలో రాసి అడగొచ్చు.

కేసీపీ ఆ మొదటి భాగాన్నే తీసుకుంది. 2021లో జనం ముందుకొచ్చింది, 2023లో సీఎన్‌సీఎఫ్ (క్యూబర్నెటీస్‌ని కూడా చూసుకునే సంస్థ) శాండ్‌బాక్స్‌లో, అంటే తొలి దశ ప్రాజెక్టుల్లో, చేరింది. ఒకే సర్వర్‌లో బోలెడన్ని వర్క్‌స్పేస్‌లు పెట్టుకోవచ్చు, ఒక్కో వర్క్‌స్పేస్ వాడేవాడికి అదో సొంత క్లస్టర్‌లా కనిపిస్తుంది. మేం యూనిట్‌కో వర్క్‌స్పేస్ ఇచ్చాం. ఒకరి లెక్క ఇంకొకరికి కనపడదు.

పాత వ్యాసాలు చదివితే ఒకచోట తికమక పడతారు. మొదట్లో ఈ ప్రాజెక్టులోనే డిప్లాయ్‌మెంట్లని వేరే అసలు క్లస్టర్లకి పంపే ఏర్పాటు కూడా ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. అప్పటి వ్యాసాలు ఇంకా నెట్‌లో ఉన్నాయి. అవి చూసి "పాడ్లు (కంటైనర్లు నడిచే మూటలు) కూడా నడుస్తాయి" అనుకోవద్దు.

మొదటి అడుగు: "సపోర్ట్" అన్న మాటని మూడు ముక్కలు చేయండి

ఎవరైనా "ఫలానా ఏపీఐ సపోర్ట్ చేస్తుందా" అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ఆ రకం రిసోర్స్ సర్వర్‌కి తెలుసా? తెలిస్తే, నాకు దాన్ని ముట్టుకునే హక్కు ఉందా? హక్కు కూడా ఉంటే, నేను రాసిచ్చాక వెనక దాన్ని చూసి పని చేసే కంట్రోలర్ ఎవరైనా ఉన్నారా?

మూడోదాన్నే అందరూ మర్చిపోతారు. కోటా రాస్తే సర్వర్ తీసుకుని దాచుకుంటుంది, కానీ లెక్కపెట్టేవాడు లేకపోతే అది కాగితం మీద రాతగానే మిగిలిపోతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఈ మూడింటికి విడివిడిగా జవాబు రాబట్టడానికే.

రెండో అడుగు: ఖాళీ వర్క్‌స్పేస్‌లో మొదలుపెట్టండి

వాడుతున్న వర్క్‌స్పేస్‌లో చూడొద్దు. అక్కడ ఎవరో పెట్టిన సీఆర్‌డీలు, ఎవరో కలిపిన ఏపీఐలు కలిసిపోయి ఉంటాయి, ఏది సర్వర్‌తో పుట్టిందో ఏది తర్వాత వచ్చిందో తెలీదు. లాప్‌టాప్‌లో "కేసీపీ స్టార్ట్" కొడితే చాలు, ఎట్‌సీడీ కూడా అందులోనే ఉంటుంది, నడుస్తున్న ఫోల్డర్‌లో చుక్క-కేసీపీ అనే డైరెక్టరీ తయారై, అందులో అడ్మిన్ క్యూబ్‌కాన్ఫిగ్ ఫైల్ (ఏ సర్వర్‌కి ఎవరిగా కనెక్ట్ కావాలో చెప్పేది) ఉంటుంది. క్యూబ్‌కాన్ఫిగ్ వేరియబుల్‌ని దానివైపు తిప్పండి. తర్వాత రూట్ కింద ఒక కొత్త వర్క్‌స్పేస్ తయారుచేసుకుని అందులోకి వెళ్ళండి. వర్క్‌స్పేస్ తయారుచేసే ప్లగిన్ కమాండ్ వెర్షన్లను బట్టి మారింది, కాబట్టి మీ దగ్గరున్న ప్లగిన్ హెల్ప్ ఒకసారి చూసి కొట్టండి.

క్యూబ్‌సీటీఎల్ అంటే సర్వర్‌తో మాట్లాడే కమాండ్ టూల్. ఇక్కడే "క్యూబ్‌సీటీఎల్ వెర్షన్" కొట్టి సర్వర్ వెర్షన్‌ని నోట్ చేసుకోండి. అందులో క్యూబర్నెటీస్ వెర్షన్, దాని వెనక కేసీపీ వెర్షన్ రెండూ కలిపి ఉంటాయి. ఈ రెండు అంకెలు లేకుండా రాసే ఏ పట్టికకీ విలువ లేదు.

మూడో అడుగు: సర్వర్‌నే అడగండి

"క్యూబ్‌సీటీఎల్ ఏపీఐ-రిసోర్సెస్" కొట్టండి, చివర "మైనస్ ఓ వైడ్" తగిలించండి. వైడ్ ముఖ్యం, ఎందుకంటే ఆఖరి కాలమ్స్‌లో ఆ రిసోర్స్‌తో ఏమేం చేయొచ్చో వస్తుంది: క్రియేట్, గెట్, లిస్ట్, వాచ్, ప్యాచ్, డిలీట్ వగైరా. కొన్నింటికి క్రియేట్ ఒక్కటే ఉంటుంది. సబ్జెక్ట్-యాక్సెస్-రివ్యూ అలాంటిదే, అది దాచుకునే వస్తువు కాదు, ప్రశ్న వేసి అక్కడికక్కడే జవాబు తీసుకునే ఏర్పాటు. దాన్ని లిస్ట్ చేయబోయి రాలేదని "ఇది పనిచేయట్లేదు" అని రాసేసినవాళ్ళని చూశాను.

దానితోపాటు "క్యూబ్‌సీటీఎల్ ఏపీఐ-వెర్షన్స్" కూడా కొట్టి రెండు ఫలితాల్నీ ఫైళ్ళలో దాచుకోండి. ఇంకా లోపలికి చూడాలంటే "గెట్" కమాండ్‌కి రా ఆప్షన్ ఇచ్చి, మొదటి తరం కోర్ గ్రూప్ కోసం ఏపీఐ అనే దారి, మిగిలిన గ్రూపులన్నింటికీ ఏపీఐస్ అనే దారి అడగండి. ఈ రెండు దారులు వేరువేరని గుర్తుంచుకోండి. స్క్రిప్ట్ రాసేటప్పుడు ఒకటే అడిగి, కాన్ఫిగ్‌మ్యాప్‌లు (సెట్టింగులు దాచేవి), సీక్రెట్లు (పాస్‌వర్డ్‌ల లాంటివి దాచేవి) అసలు లేవని తేల్చేయడం చాలా తేలికగా జరిగే పొరపాటు.

ఈ డిస్కవరీ జాబితాలో ఒక సుగుణం ఉంది, ఇది మీ పర్మిషన్లని బట్టి మారదు. లాగిన్ అయిన ఎవరికైనా ఒకే జాబితా వస్తుంది. అందుకే మొదటి ప్రశ్నకి, అంటే సర్వర్‌కి తెలుసా అన్నదానికి, నమ్మదగ్గ జవాబు ఇదే.

నాలుగో అడుగు: పుట్టుకతో వచ్చినవేవో, తర్వాత చేరినవేవో విడదీయండి

జాబితా వచ్చింది కదా అని అదంతా బిల్ట్-ఇన్ అని రాసేయకండి. ఇందులోంచి తీసివేతలు చేయాలి.

మొదట "గెట్ సీఆర్‌డీస్" కొట్టి, అందులో వచ్చినవి తీసేయండి. అవి ఎవరో ఆ వర్క్‌స్పేస్‌లో పెట్టినవి. తర్వాత "గెట్ ఏపీఐబైండింగ్స్" కొట్టండి. కేసీపీలో ఒక చోట తయారైన ఏపీఐని ఏపీఐఎక్స్‌పోర్ట్‌గా బయటపెడతారు, వాడుకునేవాళ్ళు తమ వర్క్‌స్పేస్‌లో ఏపీఐబైండింగ్‌తో కలుపుకుంటారు. బైండింగ్ స్టేటస్‌లో బౌండ్ రిసోర్సెస్ అని ఒక భాగం ఉంటుంది, ఏ రిసోర్స్‌లు దాని ద్వారా వచ్చాయో అందులో పేర్లతో ఉంటాయి, అవి కూడా తీసేయండి. మా జీడిలాట్ రిసోర్స్ యూనిట్ల వర్క్‌స్పేస్‌లలోకి అలా వచ్చిందే, కాబట్టి ఆ వర్క్‌స్పేస్‌లో చూస్తే అది కాన్ఫిగ్‌మ్యాప్ పక్కనే బుద్ధిగా కూర్చుని ఉంటుంది, చూడ్డానికి రెండింటికీ తేడా తెలీదు.

ఇక మిగిలినవాటిలో కేసీపీ డాట్ ఐఓ అని ముగిసే గ్రూపులుంటాయి, ఏపీఐఎక్స్‌పోర్ట్‌లు, ఏపీఐబైండింగ్‌లు లాంటివి. ఇవి ప్రాజెక్ట్ సొంత ఏపీఐలు, వీటికి వేరే పట్టిక పెట్టండి. ఆ తర్వాత మిగిలిందే మీరు వెతుకుతున్నది: క్యూబర్నెటీస్ నుంచి తెచ్చుకుని ఉంచుకున్న బిల్ట్-ఇన్ ఏపీఐలు.

మామూలు క్యూబర్నెటీస్ క్లస్టర్ మీద ఇదే పని చేస్తుంటే "గెట్ ఏపీఐసర్వీసెస్" కూడా చూడండి. సర్వీస్ కాలమ్‌లో లోకల్ అని కాకుండా ఇంకేదో పేరు ఉంటే ఆ గ్రూప్ బయటి సర్వర్ నుంచి వస్తోందని అర్థం. మెట్రిక్స్ సర్వర్ అందరికీ తెలిసిన ఉదాహరణ.

ఐదో అడుగు: మిగిలిన జాబితాని అర్థం చేసుకుంటూ చదవండి

కేసీపీలో ఇలా వడకట్టాక మీకు కనిపించేవి ఇవి. కోర్ గ్రూప్‌లో నేమ్‌స్పేస్‌లు, కాన్ఫిగ్‌మ్యాప్‌లు, సీక్రెట్లు, సర్వీస్ అకౌంట్లు, ఈవెంట్లు, రిసోర్స్ కోటాలు, లిమిట్ రేంజ్‌లు. హక్కుల కోసం రోల్స్, క్లస్టర్ రోల్స్, వాటి బైండింగ్‌లు. ఎవరికి ఏ హక్కుందో అడగడానికి యాక్సెస్ రివ్యూలు, టోకెన్‌ని సరిచూడ్డానికి టోకెన్ రివ్యూ. కొత్త రకాలు చేర్చడానికి సీఆర్‌డీలు. రాసిచ్చినదాన్ని దాచే ముందు ఆపి చూడ్డానికి వ్యాలిడేటింగ్, మ్యూటేటింగ్ వెబ్‌హుక్‌లు, వ్యాలిడేటింగ్ అడ్మిషన్ పాలసీలు. నాయకుడిని ఎన్నుకోవడానికి లీజ్‌లు. సర్టిఫికెట్ సైనింగ్ రిక్వెస్టులు. సర్వర్ మీద రద్దీని అదుపు చేసే ఫ్లో స్కీమాలు, ప్రయారిటీ లెవెల్స్.

ఈ జాబితాని ఒక్కసారి నిదానంగా చూడండి. వీటన్నింటికీ ఒకే పోలిక ఉంది. ఎవరు, ఎంత, ఏ హక్కుతో, ఏ నియమంతో, ఎక్కడ దాచాలి. ఇందులో ఒక్కటి కూడా మెషీన్ మీద ఏదో నడపమని అడగదు. ఇది తెలిస్తే సగం జాబితా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏదైనా ఏపీఐ పేరు వినగానే "దీనికి నోడ్ కావాలా" అని ఒక ప్రశ్న వేసుకుంటే చాలు, జవాబు దాదాపు తెలిసిపోతుంది.

ఆరో అడుగు: లేనివాటిని పేరు పెట్టి రాయండి

నా లెక్కలో అన్నింటికన్నా ముఖ్యమైన అడుగు ఇది, అందరూ వదిలేసేది కూడా ఇదే. ఉన్నవి రాస్తే చాలదు. చదివేవాడు జాబితాలో డిప్లాయ్‌మెంట్ కోసం వెతికి, కనపడకపోతే "రాయడం మర్చిపోయారేమో" అనుకుంటాడు. మన తమ్ముడు అదే అనుకునేవాడు. "లేదు" అని అక్షరాలా రాసి ఉంటే మొదటి పది నిమిషాల్లోనే పక్క దారి చూసుకునేవాడు.

కేసీపీలో లేనివి: పాడ్లు, డిప్లాయ్‌మెంట్లు, రెప్లికాసెట్లు, స్టేట్‌ఫుల్ సెట్లు, డీమన్ సెట్లు, జాబ్‌లు, క్రాన్‌జాబ్‌లు, అంటే పనిని నడిపేవి మొత్తం. నోడ్లు లేవు. పర్సిస్టెంట్ వాల్యూమ్‌లు, వాటి క్లెయిమ్‌లు, స్టోరేజ్ క్లాస్‌లు లేవు. సర్వీసులు, ఇన్‌గ్రెస్‌లు, నెట్‌వర్క్ పాలసీలు లేవు. పాడ్లే లేనప్పుడు వాటిని లెక్క చూసి పెంచే ఆటోస్కేలర్‌కీ పని లేదు.

ఇవి ఇంకా రాలేదని కాదు, రాకూడదనే ఈ రూపం. ఈ తేడాని కూడా పట్టికలో రాయండి. "తర్వాత వస్తుంది", "కావాలనే పెట్టలేదు" అన్నవి చదివేవాడికి వేరువేరు నిర్ణయాలు.

దీని వల్ల చేతికి తగిలే విషయం ఒకటి: హెల్మ్, అంటే చార్ట్ అనే యామిల్ ఫైళ్ళ మూటని సర్వర్‌లో పెట్టే టూల్. హెల్మ్ తన రిలీజ్ సమాచారాన్ని మామూలుగా సీక్రెట్లలో దాచుకుంటుంది, సీక్రెట్లు ఉన్నాయి కాబట్టి ఆ మేరకు ఇబ్బంది లేదు. చార్ట్‌లో సీఆర్‌డీలు, రోల్స్ మాత్రమే ఉంటే చక్కగా పడుతుంది. అదే చార్ట్‌లో ఒక్క డిప్లాయ్‌మెంట్ ఉన్నా, ఆ రకానికి జత దొరకలేదని చెప్పి మొత్తం ఆగిపోతుంది. బయట దొరికే చార్ట్‌లలో ఎక్కువ ఇలాంటివే. మేం చార్ట్‌ని రెండుగా విడగొట్టాం. నియమాలు, రకాలు ఉన్న సగం కేసీపీలోకి, కంట్రోలర్‌ని నడిపే సగం వేరే మామూలు సర్వర్ మీదకి. కంట్రోలర్ ఎక్కడైనా నడవొచ్చు, అది కేసీపీకి కనెక్ట్ అయి వాచ్ చేస్తుంటే చాలు.

ఏడో అడుగు: 404కీ 403కీ ఉన్న తేడాలో మోసపోకండి

లేదు అంటే 404, ఉంది కానీ నీకు హక్కు లేదు అంటే 403, ఇదే కదా అనుకుంటాం. క్యూబర్నెటీస్ ఏపీఐ సర్వర్‌లో అంత సూటిగా ఉండదు. రిక్వెస్ట్ రాగానే సర్వర్ ముందు మీకు హక్కుందో లేదో చూస్తుంది, ఆ తర్వాతే ఆ దారి అసలు ఉందో లేదో వెతుకుతుంది. అందుకని హక్కులు తక్కువున్న యూజర్‌తో, అసలు లేని ఏపీఐని నేరుగా దారి పేరుతో అడిగితే 403 వస్తుంది. దాన్ని చూసి "ఓహో, ఉందన్నమాట, అడ్మిన్‌ని అడిగి పర్మిషన్ తెచ్చుకోవాలి" అనుకుంటే సాయంత్రం దాకా అలా తిరుగుతూనే ఉంటాం.

ఇంకొకటి. "క్యూబ్‌సీటీఎల్ ఆథ్ క్యాన్-ఐ క్రియేట్ డిప్లాయ్‌మెంట్స్" అని అడ్మిన్‌గా అడిగి చూడండి. సర్వర్ దగ్గర ఆ రకం రిసోర్స్ లేదని పైన ఒక హెచ్చరిక, దాని కింద నిశ్చింతగా "యెస్" అని వస్తుంది. అడ్మిన్ రోల్‌లో అన్ని రిసోర్స్‌లకీ కలిపి నక్షత్రం గుర్తు (*) ఉంటుంది కదా, లేనిదానికి కూడా హక్కు ఉన్నట్టే లెక్క. స్క్రిప్ట్‌లో ఆఖరి లైన్ మాత్రమే చదివితే మీ పట్టికలో డిప్లాయ్‌మెంట్ పక్కన టిక్ పడిపోతుంది.

కాబట్టి వరస ఇది: ఉందా లేదా అన్నది డిస్కవరీ జాబితా నుంచే తీసుకోండి. అందులో ఉన్నవాటికి మాత్రమే క్యాన్-ఐ అడగండి.

ఎనిమిదో అడుగు: వెనక ఎవరున్నారో చేత్తో పరీక్షించండి

ఇక్కడ తొందరపడొద్దు, ఒక పూట కేటాయించండి.

కాన్ఫిగ్‌మ్యాప్‌లు, సీక్రెట్లు, లీజ్‌లకి పెద్ద పరీక్ష అక్కర్లేదు. రాస్తే దాచుకోవాలి, అడిగితే ఇవ్వాలి, మారితే వాచ్‌లో చెప్పాలి. వెనక కంట్రోలర్ ఏమీ లేకపోయినా వాటి పని అవుతుంది.

నేమ్‌స్పేస్ అలా కాదు. తయారుచేయడం తేలిక, చెరపడంలోనే పరీక్ష. ఒక నేమ్‌స్పేస్ చేసి, అందులో రెండు కాన్ఫిగ్‌మ్యాప్‌లు పెట్టి, నేమ్‌స్పేస్‌ని డిలీట్ చేయండి. ప్రతి నేమ్‌స్పేస్‌కీ ఒక ఫైనలైజర్ ఉంటుంది, లోపల ఉన్నవన్నీ ఖాళీ చేసి ఆ ముడి విప్పేది నేమ్‌స్పేస్ కంట్రోలర్. అది నడుస్తుంటే కాసేపట్లో మాయమవుతుంది. నడవకపోతే టెర్మినేటింగ్ అని రోజులకొద్దీ అలాగే వేలాడుతుంది.

కోటాని పరీక్షించడం నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇందులో రెండు చేతులు పనిచేస్తాయి, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఒక రిసోర్స్ కోటా రాయండి, అందులో సీపీయూ, మెమరీ పెట్టొద్దు, పాడ్లే లేనిచోట అవి ఎప్పుడూ సున్నాయే. దాని బదులు వస్తువుల సంఖ్య మీద హద్దు పెట్టండి, కౌంట్ స్లాష్ కాన్ఫిగ్‌మ్యాప్స్ అని. ముందు ఆ నేమ్‌స్పేస్‌లో ఇప్పటికే ఎన్ని ఉన్నాయో చూసుకోండి, సర్వర్ తనంతట తాను పెట్టే రూట్ సర్టిఫికెట్ కాన్ఫిగ్‌మ్యాప్ ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుంది. అది ఒకటి ఉందనుకుంటే హద్దు 3 పెట్టండి. ఇప్పుడు కోటాని యామిల్‌గా తెప్పించి స్టేటస్ చూడండి: యూజ్డ్ అన్నచోట 1 అని పడాలి. ఆ అంకె నింపేది కోటా కంట్రోలర్. తర్వాత రెండు కాన్ఫిగ్‌మ్యాప్‌లు పెట్టండి, పడతాయి. ఇంకోటి పెట్టండి, కోటా దాటిందని 403తో వెనక్కి కొట్టాలి. అలా ఆపేది కంట్రోలర్ కాదు, సర్వర్ లోపలి అడ్మిషన్ ప్లగిన్ (రాసిచ్చినదాన్ని దాచే ముందు ఆపి చూసే ముక్క). ఒకవేళ ప్లగిన్ ఉండి కంట్రోలర్ లేకపోతే ఏమవుతుందంటే, స్టేటస్ ఖాళీగా ఉండిపోతుంది, మీరు మొదటి కాన్ఫిగ్‌మ్యాప్ పెట్టబోయినా ఆ కోటా స్టేటస్ ఏమిటో తెలీదన్న ఎర్రర్‌తో ఆపేస్తుంది. ఎర్రర్ మాటల్లో ఈ తేడా చదివితే ఏ భాగం నడవట్లేదో లాగ్‌లు తీయకుండానే చెప్పొచ్చు.

యజమాని చెరిగితే పిల్లలు కూడా చెరుగుతాయా అన్నది గార్బేజ్ కలెక్టర్ పరీక్ష. రెండు కాన్ఫిగ్‌మ్యాప్‌లు చేసి, రెండోదాని ఓనర్ రిఫరెన్స్‌లో మొదటిదాని యూఐడీ రాసి, మొదటిదాన్ని డిలీట్ చేయండి. రెండోది దానంతట అదే పోవాలి. మా జీడిలాట్ కంట్రోలర్ ఒక్కో లాట్‌కి నాలుగైదు చిన్న రికార్డులు తయారుచేస్తుంది, ఇది నడవకపోతే పాత లాట్ల చెత్త పేరుకుపోతుంది, కాబట్టి మాకు ఈ పరీక్ష ప్రాణం. మీ సొంత సీఆర్‌డీతో కూడా ఒకసారి చేసి చూడండి, బైండింగ్ ద్వారా వచ్చిన రిసోర్స్‌తో ఇంకోసారి.

సర్వీస్ అకౌంట్ ఒకటి చేసి, దాని పేరుతో యానొటేషన్ పెట్టిన టోకెన్ రకం సీక్రెట్ రాయండి. కాసేపటికి ఆ సీక్రెట్‌లో టోకెన్ నిండి ఉంటే వెనక కంట్రోలర్ ఉన్నట్టు. క్యూబర్నెటీస్ 1.24 నుంచి సర్వీస్ అకౌంట్ చేయగానే సీక్రెట్ తనంతట తాను రాదు, కాబట్టి రాలేదని కంగారు పడకండి.

లిమిట్ రేంజ్ సంగతి వేరు. అది పాడ్లకీ, వాల్యూమ్ క్లెయిమ్‌లకీ హద్దులు పెట్టడానికి ఉన్నది. రెండూ లేనిచోట అది జాబితాలో ఉంటుంది, రాస్తే దాచుకుంటుంది, కానీ దేనినీ ఆపదు. పట్టికలో దీని పక్కన "ఉంది" అని మాత్రమే రాస్తే అబద్ధం కాదు గానీ చదివేవాడిని దారి తప్పించినట్టే. "ఉంది, ఇక్కడ ప్రభావం లేదు" అని రాయండి.

తొమ్మిదో అడుగు: వెర్షన్ కూడా రాయండి

రిసోర్స్ పేరు ఒక్కటే సరిపోదు. సీఆర్‌డీ వీ1 క్యూబర్నెటీస్ 1.16తో 2019లో వచ్చింది, పాత వీ1బీటా1ని 2021లో 1.22 నుంచి తీసేశారు. వ్యాలిడేటింగ్ అడ్మిషన్ పాలసీ 2024లో 1.30కి గానీ వీ1 కాలేదు. ఫ్లో కంట్రోల్ వీ1బీటా3 1.32లో పోయింది. కంట్రోల్ ప్లేన్ ఏ క్యూబర్నెటీస్ మీద కట్టారో దాన్ని బట్టి ఇవన్నీ మారతాయి, అందుకే రెండో అడుగులో ఆ రెండు అంకెలు నోట్ చేసుకోమన్నాను.

పదో అడుగు: ఏపీఐ ఇచ్చేవాళ్ళకి ఒక అదనపు కాలమ్

మీరు ఏపీఐ వాడుకునేవాళ్ళు మాత్రమే అయితే ఇది వదిలేయొచ్చు. మీరే ఏపీఐఎక్స్‌పోర్ట్ ఇస్తుంటే చదవండి. మీ కంట్రోలర్‌కి వాడుకునేవాళ్ళ వర్క్‌స్పేస్‌లోని సీక్రెట్లో కాన్ఫిగ్‌మ్యాప్‌లో చూడాల్సి వస్తే, ఎక్స్‌పోర్ట్‌లో పర్మిషన్ క్లెయిమ్ రాయాలి, వాళ్ళు తమ బైండింగ్‌లో దాన్ని ఒప్పుకోవాలి. బిల్ట్-ఇన్ రిసోర్స్ మీద క్లెయిమ్‌కి గ్రూప్, రిసోర్స్ పేర్లు రాస్తే చాలు. అదే ఇంకొకరి ఎక్స్‌పోర్ట్ నుంచి వచ్చిన రిసోర్స్ అయితే దాని ఐడెంటిటీ హ్యాష్ (ఆ ఎక్స్‌పోర్ట్ ఎవరిదో చెప్పే గుర్తు) కూడా ఇవ్వాలి, ఎందుకంటే ఒకే పేరుతో ఇద్దరు రెండు వేరు ఏపీఐలు ఇవ్వొచ్చు. ఏది బిల్ట్-ఇన్ అన్న ప్రశ్నకి ఇక్కడ నేరుగా పని ఉంది, పేరులో పడి పొరపడితే క్లెయిమ్ పనిచేయదు.

పదకొండో అడుగు: రాయండి, రాసినదాన్ని మెషీన్‌కి అప్పగించండి

మా రీడ్‌మీలో ఇప్పుడు మొదటి వాక్యం ఇది: "ఇది క్యూబర్నెటీస్ పద్ధతిలో నడిచే కంట్రోల్ ప్లేన్, ఇందులో కంటైనర్లు నడవవు." దాని కిందే వెర్షన్లు, దాని కింద పట్టిక. పట్టికలో గ్రూప్, రిసోర్స్, వెర్షన్, వెనక కంట్రోలర్ ఉందా, మేం చేసిన పరీక్ష ఏమిటి అన్న కాలమ్స్. లేనివాటికి విడిగా ఇంకో పట్టిక, అందులో "దీని బదులు ఏం చేయాలి" అన్న కాలమ్. డిప్లాయ్‌మెంట్ ఎదురుగా మా కంట్రోలర్లు నడిచే సర్వర్ వివరం, ఇన్‌గ్రెస్ ఎదురుగా మా లోడ్ బ్యాలెన్సర్ సంగతి రాసి ఉంది. ఎవరైనా కొత్తగా వస్తే ఆ రెండో పట్టికే ముందు చదువుతున్నారు.

చేత్తో రాసింది వెర్షన్ మారగానే పాతబడుతుంది. అందుకని మూడో అడుగులో దాచుకున్న ఫైల్‌ని రెపోలో పెట్టాం. ప్రతి బిల్డ్‌లో ఖాళీ వర్క్‌స్పేస్ తెరిచి, అవే కమాండ్లు కొట్టి, వచ్చిన జాబితాని ఒక వరసలో పేర్చి, పాత ఫైల్‌తో పోల్చి చూస్తుంది. ఒక్క లైన్ తేడా వచ్చినా బిల్డ్ ఆగిపోతుంది, ఎవరో ఒకరు చూసి, కావాలనే జరిగిన మార్పైతే ఫైల్‌తోపాటు పట్టికని కూడా మార్చాలి. కోటా, గార్బేజ్ కలెక్టర్, నేమ్‌స్పేస్ పరీక్షలు మూడూ అదే బిల్డ్‌లో నడుస్తాయి, మొదట్లో నేను రాసిన స్క్రిప్ట్ క్యాన్-ఐ ఆఖరి లైన్‌నే చదివేది, దాన్ని తిరగరాసింది ఆ విజయనగరం తమ్ముడే.